గ్రూప్ ప్రాజెక్ట్‌లో టీమ్‌మేట్ కాపీ కొట్టాడని తెలిసింది, ఇప్పుడేం చెయ్యాలి

సబ్మిషన్ దగ్గర పడింది, అందరి పార్టులూ ఒక్క ఫైల్లోకి తెస్తున్నారు, ఒకడి చాప్టర్ దగ్గరికొచ్చేసరికి ఏదో తేడా కొడుతుంది. మామూలుగా రెండు లైన్ల మెయిల్ రాయడానికే పదిసార్లు అడిగేవాడు ఇక్కడ పేజీలకి పేజీలు ప్రొఫెసర్‌లా రాసేశాడు, మధ్యలో ఫాంట్ మారిపోయింది, మీ రిఫరెన్స్ లిస్టులో మొత్తం 12 ఎంట్రీలే ఉంటే ఆ పేరాలో బ్రాకెట్లో 47 అని నంబర్ ఉంది. ఆ 47 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అడిగితే ఫీలవుతాడు, అడక్కపోతే అందరూ కలిసి మునుగుతారు, చూస్తే టైమ్ లేదు.

ముందే ఒక మాట చెప్పేస్తా, ఇక్కడ మీ పని దొంగని పట్టుకోవడం కాదు, రిపోర్ట్‌ని బాగుచెయ్యడం. ఎందుకంటే కవర్ పేజీ మీద పేర్లు అందరివీ ఉంటాయి, ఇది మా సొంత పని అని డిక్లరేషన్ మీద సంతకాలు కూడా అందరూ పెడతారు, కాబట్టి "ఆ పార్ట్ నాది కాదు సర్" అనే మాట తర్వాత ఎంతవరకు చెల్లుతుందనేది ఎక్కువగా రెండు విషయాల మీదే ఉంటుంది, మీ పని మీరు చేశారని చూపించగలరా, తెలిసిన వెంటనే చెప్పారా. కొన్నిచోట్ల కాపీ చేసినోళ్ళ వరకే శిక్ష, కొన్నిచోట్ల గ్రూప్ మొత్తానికి. అది కోర్స్ హ్యాండ్‌బుక్‌లోనో అసైన్‌మెంట్ ఇచ్చిన షీట్‌లోనో రాసే ఉంటుంది, ఇవ్వాళే తీసి చదవండి. మామూలు రోజుల్లో ఎవరూ దాని మొహం చూడరు, కేసు మొదలైతే మాత్రం అంతా దాని మీదే నడుస్తుంది.

అసలు అది కాపీయేనా?

డౌట్ వచ్చిన పేరాలో కొంచెం విచిత్రంగా ఉన్న ఒక వాక్యం తీసుకోండి, ఎనిమిది పది పదాలు చాలు, దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి గూగుల్ చెయ్యండి. కోట్స్ పెడితే ఆ పదాలు అదే వరసలో ఉన్న పేజీలే వస్తాయి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. పేరాలో మొదటి వాక్యం వద్దు, చాలామంది మొదటి వాక్యం ఒక్కటి మార్చి మిగతాది వదిలేస్తారు, మధ్యలోది తీసుకోండి. గూగుల్ స్కాలర్‌లో కూడా అదే వెతకండి, పేపర్ల లోపలి టెక్స్ట్ మామూలు సెర్చ్‌లో ఒక్కోసారి తగలదు.

ఏమీ దొరకలేదు కానీ భాష మాత్రం వింతగా ఉందంటే పారాఫ్రేజ్ టూల్‌లో వేసి తీసిన సరుకై ఉండొచ్చు. ఇది తెలుసుకోడానికి మంచి గుర్తు ఒకటుంది. 2021లో కొంతమంది రీసెర్చర్లు పబ్లిష్ అయిన పేపర్లలోనే ఇలాంటివి బోలెడు బయటపెట్టారు, టూల్ ప్రతి పదానికీ పర్యాయపదం పెట్టేస్తుంది కదా, అలా ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్" అయిపోయింది, బిగ్ డేటా "కొలోసల్ ఇన్ఫర్మేషన్" అయింది, బ్రెస్ట్ క్యాన్సర్ అయితే "బోసమ్ పెరిల్" అట. నవ్వొస్తుంది గానీ మీ రిపోర్ట్‌లో ఉంటే ఎగ్జామినర్ కూడా అలాగే నవ్వుతాడు. మీ సబ్జెక్ట్‌లో ఎవరూ వాడని పదం ఒకటి మామూలు టెక్నికల్ పదం ఉండాల్సిన చోట కూర్చుందంటే అది గట్టి అనుమానమే.

రిఫరెన్సులు చెక్ చెయ్యడం చాలామంది మర్చిపోతారు, నన్నడిగితే అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది అదే, ఐదు నిమిషాల పని. ప్రతి రిఫరెన్స్‌కీ డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్) ఉంటే దాన్ని డీఓఐ సైట్‌లో పెట్టి కొట్టండి, చెప్పిన పేపరే తెరుచుకోవాలి. వేరే పేపర్ వచ్చినా, అసలేమీ రాకపోయినా, టైటిల్ పెట్టి వెతికితే ఎక్కడా లేకపోయినా అది చాట్‌జీపీటీ లాంటిదేదో పుట్టించిన రిఫరెన్స్ అయ్యుండొచ్చు. ఈ బాధ స్టూడెంట్లకే కాదు, 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసుల్ని నిజమనుకుని కోర్టులో ఫైల్ చేసి 5000 డాలర్ల జరిమానా కట్టారు. కాపీ చేసిన పేరా కనీసం ఎక్కడో ఉన్న నిజం, లేని పేపర్‌ని ఉందని చూపించడం ఇంకా పెద్ద సమస్య, చాలాచోట్ల దాన్ని ఫ్యాబ్రికేషన్ కింద విడిగా లెక్కేస్తారు.

కోడ్ అయితే కథ వేరు. వేరియబుల్ పేర్లు మార్చేశాం, కామెంట్లు తీసేశాం, ఇంకెవడు కనిపెడతాడు అనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి కాపీ కోడ్‌ని పట్టుకునే మాస్ (MOSS) గురించి తెలీదు. అలెక్స్ ఐకెన్ 1994లో బర్కిలీ యూనివర్సిటీలో ఉండగా చేసిన టూల్ అది, జేప్లాగ్ అని ఇంకోటి కూడా ఉంది, ఇవి పేర్లు చూడవు, కోడ్ నడిచే తీరు చూస్తాయి, అంటే దేని తర్వాత ఏది వస్తుంది అనే ఆకారం. పేర్లు మార్చినా స్పేసులు మార్చినా ఆ ఆకారం మారదు. మీ వైపు నుంచి చెక్ చెయ్యడానికి ఆ టూల్సే అక్కర్లేదు, గిట్ లాగ్ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే లిస్ట్) తెరిచి చూడండి, వారాల తరబడి చిన్న చిన్న కమిట్లు, అంటే సేవ్ చేసిన మార్పులు, ఉండాల్సిన చోట మొత్తం మాడ్యూల్ ఒకే అర్ధరాత్రి ఒకే కమిట్‌లో ఊడిపడితే అడగాల్సిందే. ఫైల్ పాత్‌లో ఎవరిదో తెలీని యూజర్‌నేమ్ ఉందా, ఎవరూ వాడని ఫంక్షన్లు అలాగే ఉన్నాయా, మీ డేటాసెట్‌లో లేని కాలమ్ పేరు కోడ్‌లో ఉందా, ఇవి కూడా చూడండి. చివరిది దొరికితే ఆ కోడ్ మీ డేటా మీద ఎప్పుడూ రన్ అవ్వలేదన్నమాట, మరి ఆ రిజల్ట్స్ ఎక్కడివి అనేది అసలు ప్రశ్న.

బొమ్మలూ గ్రాఫులూ గూగుల్ లెన్స్‌లోనో టిన్ఐలోనో వేసి చూడండి, అదే బొమ్మ నెట్‌లో ఇంకెక్కడైనా ఉంటే దొరకొచ్చు.

ఇక సిమిలారిటీ పర్సంటేజ్ గురించి. కాలేజీలు రిపోర్టులు చెక్ చెయ్యడానికి వాడే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే నంబర్ కాపీ నంబర్ కాదు, మీ టెక్స్ట్‌లో ఎంత వేరేచోట కూడా ఉంది అనే నంబర్ అంతే. దాంట్లో 1 నుంచి 24 దాకా ఆకుపచ్చ, 25 నుంచి 49 పసుపు, 50 నుంచి 74 ఆరెంజ్, 75 నుంచి పైకి ఎరుపు, ఆకుపచ్చ చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ 12 పర్సెంట్ మొత్తం ఒకే పేపర్ నుంచి లేపిన రెండు పేజీలు కావచ్చు, 30 పర్సెంట్ వచ్చినదాంట్లో రిఫరెన్స్ లిస్టూ, కాలేజ్ ఇచ్చిన టెంప్లేట్ లైన్లూ, కోట్స్‌లో పెట్టినవీ పోగా మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. రంగు కాదు, ఏ సోర్స్‌తో ఎంత పెద్ద ముక్క కలిసింది అనేది తెరిచి చూడాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, తెలిసినవాళ్ళ అకౌంట్‌లో డ్రాఫ్ట్ వేసి చెక్ చేయిస్తుంటారు కదా, అక్కడ సెట్టింగ్ రిపాజిటరీలో సేవ్ అయ్యేలా ఉంటే మీ డ్రాఫ్ట్ వాళ్ళ డేటాబేస్‌లోకి పోతుంది, తర్వాత మీరు అసలు ఫైల్ సబ్మిట్ చేస్తే మీ సొంత రాతతోనే మ్యాచ్ అయి ఎర్రగా వస్తుంది, అప్పుడు ఎవరికి చెప్పుకోవాలి. నో రిపాజిటరీ పెట్టారో లేదో అడిగాకే ఇవ్వండి, గైడ్ దగ్గరే చెక్ చేయించుకుంటే ఇంకా మేలు.

ఏఐ డిటెక్టర్లని మాత్రం నమ్మి ఎవర్నీ నిలదీయొద్దు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ వాళ్ళే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ వదిలి, అది సరిగ్గా చెప్పట్లేదని అదే ఏడాది జూలైలో తీసేశారు. అదే సంవత్సరం స్టాన్‌ఫోర్డ్ వాళ్ళ స్టడీ ఒకటి వచ్చింది, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు టోఫెల్ కోసం సొంతంగా రాసిన వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇస్తే సగటున సగానికి పైగా ఏఐ రాసిందనే చెప్పాయి. అంటే కష్టపడి సింపుల్ ఇంగ్లీష్‌లో రాసినోడే ఎక్కువ ఇరుక్కుంటాడు. ఏఐ అనుమానం ఉంటే డిటెక్టర్ స్క్రీన్‌షాట్ పంపకండి, పక్కన కూర్చోబెట్టుకుని "ఈ మెథడే ఎందుకు తీసుకున్నావ్, ఈ పేరాలో ఏం చెప్పాలనుకున్నావ్" అని అడగండి, రాసినోడైతే తడుముకున్నా చెప్తాడు. అసలు మీ కోర్స్‌లో ఏఐ ఎంతవరకు వాడొచ్చో కూడా చూసుకోండి, కొన్నిచోట్ల వాడామని రాస్తే చాలు, కొన్నిచోట్ల ముట్టుకోకూడదు.

కాపీ కానివి కూడా చెప్పాలి. అందరికీ తెలిసిన విషయాలకి సోర్స్ అక్కర్లేదు, ఫార్ములాలు ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి, ఒక స్టాండర్డ్ టెస్ట్ ఎలా చేస్తారో చెప్పే రెండు లైన్లు వందమంది అలాగే రాస్తారు. వీటి మీద గొడవ పెట్టుకుంటే మీరే చిన్నబోతారు.

దొరికింది, మరి ఎలా మాట్లాడాలి

గ్రూప్‌లో పెట్టొద్దు. ఎంత కోపం ఉన్నా సరే. పదిమంది ముందు పరువు పోయిందనుకుంటే తప్పు చేసినోడు కూడా ఎదురు తిరుగుతాడు, మీ రిపోర్ట్ సంగతి పక్కకెళ్ళి మీరు వాడిన మాట గురించి గొడవ మొదలవుతుంది. విడిగా మాట్లాడండి, చేతిలో లింక్ పెట్టుకుని మాట్లాడండి, మాట మాత్రం మనిషి మీద కాదు పేరా మీద ఉండాలి. మెసేజ్ అయితే ఇలా ఉంటే చాలు:

"అరేయ్, నీ లిటరేచర్ సర్వే కలుపుతున్నా. మూడో పేరా నుంచి ఆరో పేరా దాకా ఈ పేపర్లో ఉన్నది ఉన్నట్టే కనిపిస్తోంది, లింక్ పెడుతున్నా చూడు. సోర్స్ పెట్టడం మర్చిపోయావా? గురువారం కల్లా మార్చెయ్యాలి, లేకపోతే అందరికీ ఇబ్బంది. సాయంత్రం ఒక అరగంట కూర్చుందామా, నేనూ ఉంటా."

మర్చిపోయావా అని అడగడం నాటకం కాదు, నిజంగానే చాలామందికి లింక్ చివర్లో పెడితే సరిపోతుందనీ నాలుగు పదాలు మారిస్తే సొంతమైపోతుందనీ గట్టి నమ్మకం, వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. అలాంటివాళ్ళు చెప్తే మార్చేస్తారు, కథ అక్కడితో అయిపోతుంది. రెండో రకం టైమ్ అయిపోయో పార్ట్ అర్థంకాకో భయపడి లేపేసినవాళ్ళు, వీళ్ళకి తిట్లు కాదు పని పంచుకోవడం కావాలి, ఆ చాప్టర్‌లో ఒక భాగం ఇంకొకరు తీసుకోండి, ఎవరు తీసుకున్నారో రాసుకోండి. మూడో రకమే కష్టం, "అందరూ చేసేదే, ఎవడు చదువుతాడు లే" బాపతు. వాళ్ళతో నీతి మాట్లాడి లాభం లేదు, ఒక్క ప్రశ్న వెయ్యండి, వైవాలో ఈ చాప్టర్ మీద అడిగితే నువ్వు చెప్తావా అని. చెప్పలేనన్నది వాళ్ళకి కూడా తెలుసు.

మాట్లాడింది ఫోన్లో అయితే పెట్టేశాక చాట్‌లో ఒక లైన్ వెయ్యండి, "ఇందాక అనుకున్నట్టు రెండో చాప్టర్ గురువారం రాత్రి కల్లా నువ్వు మళ్ళీ రాసి పెడుతున్నావ్ కదా" అని. వాళ్ళు సరే అంటే అదే రికార్డ్. తారీఖు లేకుండా "చూస్తాలే" అన్న మాట మీద వదలొద్దు.

ఒకవేళ మీ అనుమానమే తప్పని తేలిందనుకోండి, వాళ్ళు నోట్స్ చూపించారు, డ్రాఫ్టులు చూపించారు, అప్పుడు సాగదీయకుండా సారీ చెప్పేసి పని చూసుకోండి. విడిగా అడగమనడానికి ఇది ఇంకో కారణం.

బాగుచెయ్యడం అంటే పదాలు మార్చడం కాదు

ఇక్కడ చాలా టీములు మళ్ళీ అదే గుంటలో పడతాయి, సిమిలారిటీ తగ్గించాలి అనే టార్గెట్ పెట్టుకుని ఒక్కో పదం మారుస్తూ పోతారు. తగ్గితే తగ్గుతుంది గానీ ఐడియా వాళ్ళది, వరస వాళ్ళది, సోర్స్ పేరు లేదు, అదింకా కాపీనే. పనిచేసే పద్ధతి ఏంటంటే, సోర్స్ చదివి మూసెయ్యండి, అందులో మన ప్రాజెక్ట్‌కి పనికొచ్చేది ఏంటో మీ మాటల్లో రాయండి, తెలుగులో నోట్స్ రాసుకుని తర్వాత ఇంగ్లీష్‌లోకి తెచ్చుకున్నా సరే, ఇంకా బాగా వస్తుంది, ఆ తర్వాతే సోర్స్ మళ్ళీ తెరిచి అంకెలూ పేర్లూ సరిచూసుకుని పక్కన సైటేషన్ పెట్టండి. ఇలా చేస్తే నాలుగు పేజీలది ఒకటిన్నర పేజీ అవుతుంది. అవ్వనివ్వండి, సొంత ఒకటిన్నర పేజీ నాలుగు పేజీల కాపీ కంటే ఎప్పుడూ మేలే, పేజీలు తక్కువయ్యాయని ఒకట్రెండు మార్కులు పోతే పోనివ్వండి.

అచ్చంగా వాళ్ళ మాటే కావాలంటే కోట్స్‌లో పెట్టి సోర్స్ రాయండి, కానీ టెక్నికల్ రిపోర్ట్‌లో ఇలాంటివి ఒకటి రెండు దాటితే బాగోదు. బొమ్మలు మళ్ళీ గీసినా సరే ఎవరి బొమ్మ ఆధారంగా గీశారో కింద రాయాలి. వికీపీడియాలోది ఫ్రీ కదా అంటారు, వాడుకోడానికి ఫ్రీనే, కానీ దాని లైసెన్స్ ప్రకారం కూడా ఎక్కడిదో చెప్పాలి, స్టాక్ ఓవర్‌ఫ్లోలో పెట్టిన కోడ్‌ది కూడా అలాంటి లైసెన్సే. గిట్‌హబ్‌లో ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్ అయితే ఆ కాపీరైట్ నోటీస్ తీసెయ్యకూడదు. మీ అసైన్‌మెంట్‌లో బయటి కోడ్ వాడొచ్చంటే ఫైల్ పైన కామెంట్‌లో లింకూ, మీరు ఏం మార్చారో ఒక లైనూ పెట్టండి. ఒక లైబ్రరీ వాడి బాగా నడిపిస్తే అది ఇంజినీరింగ్, అదే లైబ్రరీ మేమే రాశాం అంటే కాపీ, తేడా అంతా ఆ ఒక్క లైన్‌లోనే ఉంది.

ఇంకొకటి, వాడికి చెప్పకుండా రాత్రికి రాత్రి మీరే కూర్చుని మొత్తం తిరగరాసెయ్యడం. మంచి స్టూడెంట్లు ఎక్కువగా చేసేది ఇదే, నాకైతే ఇది అస్సలు నచ్చదు. వాడికి ఏం జరిగిందో కూడా తెలీదు, పని మొత్తం మీ నెత్తిన పడుతుంది, రేపు వైవాలో ఆ చాప్టర్ ఎవరిదంటే వాడు చెయ్యెత్తి మీరు రాసింది తనకి అర్థంకాక నిలబడతాడు. గంటలే మిగిలాయి, వేరే దారి లేదంటే రాయండి, కానీ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, పాత వెర్షన్ మాత్రం విడిగా దాచండి.

దాచుకోవాల్సినవి

ఇది పగ కోసం కాదు, రేపు అడిగితే చూపించడానికి. గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏ ముక్క పెట్టారో రంగుల్లో కనిపిస్తుంది, ఎడిట్ యాక్సెస్ ఉన్న అందరూ చూడొచ్చు. ఆ ఫైల్‌ని కాపీ తీసుకుని ఒరిజినల్ డిలీట్ చెయ్యకండి, కొత్త కాపీలోకి పాత హిస్టరీ రాదు, చాలామంది ఫైనల్ ఫైనల్ అని పేరుపెట్టి ఇలాగే పోగొట్టుకుంటారు. మొత్తం చాప్టర్ ఒకే నిమిషంలో పేస్ట్ అయినట్టు కనిపించినా అది ఒక్కటే రుజువు కాదు, తన ల్యాప్‌టాప్‌లో వర్డ్‌లో రాసుకుని ఒకేసారి పేస్ట్ చేసేవాళ్ళు కూడా ఉంటారు. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ పేరు కూడా అంతే, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా ఎవరిదో పేరు ఉండొచ్చు.

గట్టి రుజువు ఏంటంటే సోర్స్ ఒకపక్క, మీ రిపోర్ట్ పేజీ ఒకపక్క, కలిసిన వాక్యాలకి రంగు. అంతే. వెబ్‌పేజీ అయితే రేపు మారిపోవచ్చు, వెబ్‌పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో సేవ్ చేసి ఆ లింక్ పెట్టుకోండి. దాంతోపాటు మీ సొంత డ్రాఫ్టులు, నోట్సులు, కమిట్లు, మీటింగ్ రోజుల చాట్ అన్నీ ఒక ఫోల్డర్‌లో వెయ్యండి. టీమ్‌మేట్ ఫోనో మెయిలో వాళ్ళకి తెలీకుండా తెరిచి మాత్రం రుజువులు వెతకొద్దు, వాడి కేసు పక్కకెళ్ళి మీ మీద కేసవుతుంది.

గైడ్‌కి ఎప్పుడు చెప్పాలి

మీరు పెట్టిన తారీఖు దాటినా మారలేదు, లేదా నేను మార్చను అన్నారు, లేదా లేని డేటా పుట్టించారు, లేదా అప్పటికే సబ్మిట్ అయిపోయింది. వీటిలో ఏదైనా సరే గైడ్‌కి చెప్పాల్సిందే, డేటా పుట్టించిన కేసులో అయితే తారీఖులు కూడా పెట్టకుండా వెంటనే. వెళ్ళేముందు టీమ్‌మేట్‌కి ఒక మాట చెప్పండి, "రేపు పొద్దున సర్‌కి చెప్తున్నాం, నువ్వూ వస్తే బాగుంటుంది" అని. ఇది వెన్నుపోటు అని తర్వాత అనకుండా ఉంటుంది, చాలాసార్లు ఆ మాట విన్నాకే పని కూడా కదులుతుంది. బెదిరింపులా మాత్రం వాడొద్దు, చెప్తా చెప్తా అని చెప్పకపోతే ఇంకోసారి ఎవరూ పట్టించుకోరు.

నోటిమాట ఒక్కటే చాలదు, మెయిల్ కూడా ఉండాలి. అందులో వాడు బద్ధకస్తుడు, మొదటినుంచీ ఇంతే, ఇవన్నీ వద్దు. ఏ పేజీ, ఏ సోర్స్, ఎప్పుడు తెలిసింది, ఏం చేశాం, ఏం అడుగుతున్నాం. విషయం ఈ మాదిరిగా ఉంటే సరిపోతుంది:

"సర్, మా రిపోర్ట్ రెండో చాప్టర్‌లో 14 నుంచి 17 పేజీల టెక్స్ట్ ఒక పబ్లిష్ అయిన పేపర్‌తో దాదాపు పూర్తిగా కలుస్తోందని సోమవారం గమనించాం. రెండూ పక్కపక్కన పెట్టిన ఫైల్ అటాచ్ చేశాం. ఆ చాప్టర్ రాసిన మెంబర్‌తో మంగళవారం మాట్లాడాం, ఇప్పటిదాకా మార్పు జరగలేదు. సబ్మిషన్ శుక్రవారం. ఆ భాగం మేం మళ్ళీ రాసి ఇవ్వాలా, అది లేకుండా ఇవ్వాలా, కొంచెం టైమ్ దొరుకుతుందా, మీరు ఎలా చెప్తే అలా చేస్తాం. ఎవరు ఏ పని చేశారో ఆ వివరాలు కూడా పెట్టాం."

చివర్లో దారులు మీరే చూపించడం ముఖ్యం. కంప్లైంట్ అయితే గైడ్ పెద్ద ఫార్మాలిటీ మొదలుపెట్టాల్సి వస్తుందేమో అని వెనకాడతారు, సాయం అడిగితే చాలావరకు సాయమే చేస్తారు. గైడ్ "ఏం కాదులే పెట్టెయ్యండి" అన్నారనుకోండి, ఆ మాటని కూడా మర్యాదగా మెయిల్లో పెట్టండి, "మీరు చెప్పినట్టు ఇలాగే సబ్మిట్ చేస్తున్నాం సర్" అని. చాలాసార్లు ఆ మెయిల్ చూశాక సలహా మారుతుంది, ఎందుకో మీకూ తెలుసు.

ఇప్పటికే సబ్మిట్ అయిపోయి ఉంటే ఆలోచించడానికి పెద్దగా ఏం లేదు, వాళ్ళు కనిపెట్టేలోపు మీరే వెళ్ళి చెప్పండి, వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చే ఛాన్స్ ఉందా అడగండి. కమిటీ పిలిస్తే ఆరోపణ ఏంటో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, మీకు తెలిసినంతవరకే చెప్పండి, ఊహలు వద్దు. అందరం ఒకే మాట చెప్దాం అని ముందురోజు రాత్రి స్క్రిప్ట్ తయారుచేసే ప్లాన్‌లో మాత్రం కలవొద్దు, ఒక్కొక్కర్నీ విడిగా అడిగితే ఆ స్క్రిప్ట్ రెండు ప్రశ్నలు కూడా ఆగదు. మీకు ముందే తెలిసి ఊరుకున్నట్టయితే అది కూడా చెప్పెయ్యాలి, కష్టమే, కానీ చాట్ స్క్రీన్‌షాట్ ద్వారా బయటపడటం ఇంకా కష్టం.

టీమ్ మొత్తం అటువైపు ఉండి మీరొక్కరే ఇటువైపు ఉంటే? కాపీ కొట్టింది లీడరే అయితే? మర్యాదగా చాట్‌లో రాయండి, "సోర్సులు పెట్టేదాకా ఇది సబ్మిట్ చెయ్యడానికి నేను ఒప్పుకోను, నా పార్ట్ రెడీగా ఉంది" అని. తర్వాత గైడ్‌ని మీ పార్ట్ విడిగా చూడమని అడగండి. కొన్నాళ్ళు మొహాలు మాడ్చుకుంటారు, ముందే అనుకుని ఉండండి.

తర్వాతి ప్రాజెక్ట్‌కి

పార్టులు కలపడం సబ్మిషన్‌కి ముందురోజు కాదు, కనీసం వారం ముందే ఒకసారి చెయ్యండి, పైన చెప్పిన గొడవల్లో చాలావరకు టైమ్ ఉంటే గొడవలే కావు. మొదటిరోజు నుంచీ ప్రతి పేరా పక్కన కామెంట్‌లో సోర్స్ లింక్ పెట్టాలని రూల్ పెట్టుకోండి. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ ఫ్రీ, దాంట్లో గ్రూప్ లైబ్రరీ చేసుకుంటే ఎవరు ఏ పేపర్ వాడుతున్నారో అందరికీ కనిపిస్తుంది. రిపోర్ట్ చివర ఎవరు ఏం చేశారో ఒక చిన్న టేబుల్ పెట్టండి, జర్నల్స్‌లో క్రెడిట్ అనే పద్ధతి ఉంది, అందులో ఐడియా, డేటా, సాఫ్ట్‌వేర్, మొదటి డ్రాఫ్ట్ రాయడం, రివ్యూ చెయ్యడం లాంటివి మొత్తం 14 రోల్స్, 2022లో అమెరికాలో స్టాండర్డ్‌గా కూడా వచ్చింది. మీకు 14 అక్కర్లేదు, ఒక ఐదారు తీసుకోండి చాలు. ఆ టేబుల్ చివర్లో నింపకండి, పని పంచుకున్న రోజే పేర్లు రాసి గైడ్‌కి ఒక కాపీ పంపండి, మధ్యలో పార్టులు మారితే అదీ మార్చి మళ్ళీ పంపండి.